జనరేటర్‌కి అద్దె వేరు

ఎన్నూరు దాటాక ఉప్పుటేరు ఒడ్డున పెళ్లిమండపం.
ఈరోజు పెళ్లి లేదు, ప్రజాభిప్రాయ సేకరణ.
నాలుగు బాక్సులు, రెండు కార్డ్‌లెస్సులు, ఒక వైరు మైకు,
వెనక గోడకానించి నా డీజిల్ జనరేటర్.
పొద్దున తొమ్మిదికి "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాను.
ఆ రోజు ఎవరూ కాదనని మాట అదొక్కటే.

మొదట కరెంటు కంపెనీ ఆయన.
కొత్త పొగగొట్టం ఎంత ఎత్తో చెప్పాడు,
ఎత్తులో వదిలితే పొగ ఎవరిదీ కాదన్నట్టు.

తర్వాత అడయారు నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ
తెర మీద ఎర్రగీత చూపించింది,
మా పాప ఆస్పత్రిలో ఉన్నప్పటి జ్వరం చీటీలాగా
పైకే పోతోంది.
సముద్రం ఏటా ఇన్ని మిల్లీమీటర్లు లేస్తోందంది.
"మిల్లీమీటరంటే ఎంతమ్మా?"
రెండు వేళ్లు దగ్గరపెట్టి చూపించింది.
మండపమంతా నవ్వింది.
పోయిన కార్తీకంలో నడుంలోతు నీళ్లలో
బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకున్నవాళ్లు మాత్రం నవ్వలేదు.

ఇస్త్రీచొక్కా ఒకాయన లేచాడు.
"తెల్లదేశాలు నూరేళ్లు బొగ్గు కాల్చి బాగుపడి
ఇప్పుడు మన పొయ్యి మీద నీళ్లు చల్లుతున్నాయి!"
చప్పట్లు.
పడవల దేసింగు మైకు లాక్కున్నాడు.
"ఆ పొయ్యి మీద ఉడికేది ఎవరి కూడు?"
మళ్లీ చప్పట్లు. చాలావరకు అవే చేతులు.
ఐటీఐ చదివిన కుర్రాడు ప్రొఫెసరమ్మ వైపు తిరిగాడు.
"ఏసీ కారులో వచ్చి నాకు ఉద్యోగం వద్దంటారా?"
ఆవిడ తల దించుకుంది.
బయట ఆ కారు ఇంజను ఆడుతూనే ఉంది, లోపల డ్రైవరు నిద్ర.
నేను కోపం వచ్చినప్పుడల్లా బేస్ తగ్గిస్తాను.
నా పని అదే.

పన్నెండుంపావుకి కరెంటు పోయింది.
కరెంటు పుట్టే చోటికి కూతవేటు దూరంలో.
అందరూ నా వైపు చూశారు.
హ్యాండిల్ తిప్పాను. కిటికీలోంచి నల్లగా
ముందువరసలోకి వచ్చి కూచుంది నా జనరేటర్ పొగ.

అప్పుడు అరవై ఒకటో నంబరు, చెంగమ్మ.
బుట్ట పళ్లతో కరుచుకుని
బురదలో చేతులతో రొయ్యలు తడిమే మనిషి.
మా తెలుగే. ఆఫీసరుకి అర్థం కాలేదు,
"ఏసుపాదం, నువ్వు చెప్పు" అన్నాడు.

"ఏట్లో చెయ్యి పెడితే ఇదివరకు చల్లగుండేది.
ఇప్పుడు కాగులో నీళ్లు.
రొయ్య యాడికి పోయిందంటే
ఒకరు కంపెనీ అంటారు, ఒకరు సముద్రమంటారు,
చదువుకున్నోళ్లు లోకమంటారు.
కంపెనీకి గేటుంది, పోయి నిలబడతా.
లోకానికి గేటు యాడుంది సామీ?
నాయనా, ముందు నీ పొగబండి ఆపు, కండ్లు మండతన్నాయి."

అంతా అరవంలోకి మార్చాను,
ఆఖరు మాట తప్ప.

చెంగమ్మ నన్ను ఒక్క చూపు చూసింది.
ఆ ఒక్క మాటా తనే అరవంలో చెప్పింది.

ఆపాను. మైకు చచ్చింది.
మైకు అలవాటున్నవాళ్లు గొంతు సవరించుకుని కూచున్నారు.
పడవ నుంచి పడవకి కేకేసే గొంతులు లేచాయి.
వెనకవాళ్లు కుర్చీలు ఈడ్చుకుంటూ ముందుకొచ్చారు.
ఒకరినొకరు తిట్టుకున్నారు, ఈసారి మొహాలు చూసుకుంటూ.
ఆఫీసరు కలం పట్టుకునే ఉన్నాడు.
ఎవరి మాట రాయాలో తెలియక
టైము రాశాడు.

మూడింటికి కరెంటొచ్చింది. ఏమీ తేలలేదు.
తేదీ తర్వాత చెబుతామన్నారు.
ఫోనులో ఎవరో: ఎల్లుండి తిరువొత్తియూరులో చెవులు కుట్టే ఫంక్షను,
జనరేటర్ తప్పకుండా తెమ్మని.
సరేనన్నాను. తెస్తాను.

బిల్లు రాశాను. ఆడింది ఇరవై నిమిషాలే,
జనరేటర్‌కి మాత్రం గంట లెక్క.
గంటే వేశాను.
కాగితం మీద నా బొటనవేలి మసి పడింది,
తుడిస్తే ఇంకా పాకింది.
"పరవాలేదులే, అంకెలు కనపడుతున్నాయిగా"
అన్నాడు ఆఫీసరు.